నియోల్ స్టేషన్

గోడాదరా తెలుగువాళ్లలో వరంగల్ వైపు వెళ్లేవారికి బాగా తెలిసిన బండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్. సూరత్ దాటాక ఉధ్నా దగ్గర ముంబై లైనును వదిలి తూర్పుకు తిరుగుతుంది. ఆ మలుపు దాటాక వచ్చే చిన్న స్టేషనే నియోల్. నవజీవన్ అక్కడ ఆగదు. బోర్డు మీద పేరు చదివేలోపే స్టేషన్ వెనక్కి పోతుంది.

ఈ మార్గం 1900 నాటిది. తపతీ వ్యాలీ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ సూరత్ నుంచి నందుర్‌బార్ మీదుగా అమల్నేర్ దాకా, సుమారు 250 కిలోమీటర్లు వేసింది. బొంబాయిలోని కిలిక్ నిక్సన్ సంస్థ దాని వ్యవహారాలు చూసేది. 1942లో ప్రభుత్వం దీన్ని తీసుకుంది. 1951 నవంబరు 5న పశ్చిమ రైల్వే ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ రైతు సత్యాగ్రహం నడిపిన బార్డోలీ కూడా ఈ దారిలోదే.

ఎక్స్‌ప్రెస్‌లు ఆగని ఊళ్లలో స్టేషన్లు ఎందుకు? ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు వస్తే ఒకటి పక్క లైనులోకి తప్పుకోవాలి. అదే క్రాసింగ్. చిన్న స్టేషన్లే ఆ చోటు ఇచ్చేవి. మన దేశంలో చాలాచోట్ల డ్రైవరుకు ఇనుప గుండు ఒకటి ఇచ్చేవారు. దాన్ని టోకెన్ అంటారు. రెండు స్టేషన్లలోని యంత్రాలు తీగతో కలిసి ఉంటాయి. ఒక గుండు బయటికి వచ్చాక, అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండోది రాదు. గుండు చేతికి అందకపోతే ఎంత పెద్ద బండి అయినా కదలకూడదు. నన్నడిగితే రైల్వేలో ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు.

ఈ లైను అవతలి కొసన ఉన్న ఖాందేశ్ పత్తి పండే నేల. ఆ పత్తి నడిచిన దారినే తర్వాత తెలంగాణ నేత కుటుంబాలు సూరత్ పవర్‌లూమ్‌ల పనికి వచ్చాయి. మా పేటలో చాలా ఇళ్లు అలా వచ్చినవే. క్రాసింగ్ కోసం ఏదో తెలియని స్టేషన్‌లో గంటసేపు ఆగిపోయిన కథ పెద్దవాళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడు ఉధ్నా–జల్గావ్ మధ్య రెండో లైను, కరెంటు తీగలు వచ్చాయి. ఎదురు బండి కోసం ఆగే పని తగ్గింది. నియోల్‌లో దిగాలంటే మాత్రం ప్యాసింజర్ బండే ఎక్కాలి.