ల్యాప్‌టాప్ స్పెక్ షీట్‌ని కింది నుంచి చదవండి: పనికీ, సినిమాకీ ఒకే మెషీన్ కొనేవాళ్లకి ఒక పాఠం

మా బాబాయ్ కొడుకు ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో చేరాడు. "ఏరా, అరవై వేలు పక్కన పెట్టాను. నాలుగేళ్లు రావాలి. ఏది తీసుకోమంటావ్?" అని బాబాయ్ ఫోన్ చేశాడు. తమ్ముడు అప్పటికే రెండు మోడల్స్ స్క్రీన్‌షాట్లు పంపేశాడు. రెండిట్లోనూ అదే ప్రాసెసర్, అదే 16 జీబీ ర్యామ్, అదే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధరలో తేడా మాత్రం నాలుగు వేలు. "అన్నీ సేమే కదా అన్నా, తక్కువది తీసేసుకుందామా?" అన్నాడు.

ఆగమన్నాను. ఎందుకంటే మూడేళ్ల క్రితం నేనూ ఇదే లెక్క వేసి కొన్నాను. మొదటి రోజు రాత్రి అమ్మతో కలిసి సినిమా పెడితే, "ఎర్ర చీర ఇటుక రంగులో కనబడుతోందేంట్రా?" అంది. ప్రాసెసర్‌లో ఏ లోపమూ లేదు. లోపమంతా నేను చదవకుండా వదిలేసిన వరుసలో ఉంది.

ఫ్రెండ్స్, పగలు కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, రాత్రి ఓటీటీ, యూట్యూబ్... ఇలా అన్నిటికీ ఒకే ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ప్రాసెసర్, ర్యామ్ చూసి ఆగిపోకూడదు. ఆ రెండూ పేజీలో పైన పెద్ద అక్షరాల్లో ఉంటాయి. రోజూ మనం అనుభవించేది మాత్రం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ వరుసలు ఎలా చదవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. డిస్‌ప్లే: 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఏంటి?

"ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్" అని ఉంటే చాలనుకుంటాం. ఫుల్ హెచ్‌డీ అనేది పిక్సెల్స్ లెక్క. ఐపీఎస్ వల్ల పక్క నుంచి చూసినా బొమ్మ సరిగ్గా కనబడుతుంది. రంగుల సంగతి ఈ రెండూ చెప్పవు. దానికోసం ఎన్‌టీఎస్‌సీ లేదా ఎస్‌ఆర్‌జీబీ అనే మాట వెతకాలి.

ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం. ఎస్‌ఆర్‌జీబీ 1996లో వచ్చింది. నేటికీ వెబ్‌లో ఫొటోలకి ఆధారం అదే. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ ఉన్న ప్యానెల్, సుమారుగా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీతో సమానం. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీలో దాదాపు 60 శాతమే. అందుకే ఎర్ర చీర ఇటుక రంగయ్యింది. కోడ్ రాసుకోవడానికి ఇబ్బంది లేదు. ఫొటో ఎడిటింగ్‌కీ, సినిమాకీ మాత్రం నష్టమే.

పక్కనే నిట్స్ అంకె చూడండి. 250 నిట్స్ గది లోపల సరిపోతుంది. పగలు కిటికీ పక్కన కూర్చుంటే మన ముఖమే కనబడుతుంది. 300, ఆపైన ఉంటే మేలు. "హెచ్‌డీఆర్ సపోర్ట్" అనే మాట చూసి మురిసిపోకండి. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ సర్టిఫికేషన్‌లో మొదటి మెట్టుకే 400 నిట్స్ కావాలి.

2. ర్యామ్: 16 జీబీ ఒకటా, 8+8 ఆ?

ఈ ధరలో చాలా ల్యాప్‌టాప్స్‌కి విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉండదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మన ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే సెకనుకి 25.6 జీబీ డేటా వెళ్తుంది. రెండు స్టిక్స్ ఉంటే 51.2 జీబీ. దారి రెట్టింపు అయినట్టే. గేమ్స్‌లో ఈ తేడా తెలుస్తుంది.

ఇంకో విషయం. కొన్నిట్లో ర్యామ్‌ని మదర్‌బోర్డ్‌కే సోల్డర్ చేసేస్తారు, తర్వాత పెంచుకోలేం. నాలుగేళ్లు వాడాలనుకుంటే ఖాళీ స్లాట్ ఉందో లేదో కొనేముందే కనుక్కోవాలి.

3. వీడియో డీకోడ్: కొత్త పేరు, పాత చిప్

యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోల్ని ఏవీ1 అనే కోడెక్‌లో ఇస్తోంది. దాన్ని విప్పడానికి చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటే బ్యాటరీ ఆదా అవుతుంది, ఫ్యాన్ గోల తగ్గుతుంది. లేకపోతే ఆ పనంతా సీపీయూ మీద పడుతుంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 6000 సిరీస్ నుంచి ఈ సౌకర్యం వచ్చింది.

ఇక్కడే జాగ్రత్త. రైజెన్ 5 7530యూ పేరు చూస్తే 6000 కంటే కొత్తది అనిపిస్తుంది. 2023లోనే వచ్చింది కూడా. కానీ లోపల ఉన్నది పాత జెన్ 3 కోర్లు, పాత వేగా గ్రాఫిక్స్. ఏవీ1 డీకోడ్ లేదు. అంకె పెద్దదైనంత మాత్రాన చిప్ కొత్తది కాదు.

4. బ్యాటరీ: గంటలు కాదు, వాట్ అవర్స్ చూడండి

"10 గంటల బ్యాకప్" అనే మాట కంపెనీ పెట్టుకున్న పరీక్షలోది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి చేసే పరీక్ష మన వాడకానికి సరిపోదు. మనం వాట్ అవర్స్ అంకె తీసుకుని సొంతంగా లెక్కేసుకుందాం. 42 వాట్ అవర్స్ బ్యాటరీ ఉందనుకోండి. ల్యాప్‌టాప్ సగటున 7 వాట్లు తింటే 6 గంటలు. బ్రైట్‌నెస్ పెంచి వీడియో చూస్తూ 10 వాట్లు తింటే 4 గంటల పైచిలుకు. గేమ్ ఆడితే ఇంకా త్వరగా అయిపోతుంది.

5. పోర్ట్‌లు: టీవీకి కలిపినప్పుడు తెలిసే సంగతి

హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్ట్ అయితే 4కే టీవీకి సెకనుకి 30 ఫ్రేములే వెళ్తాయి. మౌస్ కదిపితేనే తడబాటు కనబడుతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి. అలాగే టైప్ సీ రంధ్రం ఉన్నంత మాత్రాన ఛార్జింగ్, డిస్‌ప్లే రెండూ పనిచేస్తాయని లేదు. పవర్ డెలివరీ, డిస్‌ప్లేపోర్ట్ అనే మాటలు విడిగా రాసి ఉన్నాయో లేదో చూడండి.

ఇంటికి వచ్చాక మొదటి రోజే ఇవి చేయండి

రిటర్న్ గడువు దాటకముందే పరీక్షలు అయిపోవాలి.

• యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరవండి. కోడెక్స్ వరుసలో ఏవీ01 అని ఉందా చూడండి. అప్పుడే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద "వీడియో డీకోడ్" గ్రాఫ్ కదులుతుంటే మంచిదే. గ్రాఫ్ పడుకుని సీపీయూ పైకి లేస్తే, డీకోడ్ భారం సీపీయూ మోస్తోందన్నమాట.
• టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుతోందో కనబడుతుంది.
• ఫోన్‌లో ఉన్న ఒక ఫొటోని ల్యాప్‌టాప్‌లోనూ తెరిచి పక్కపక్కన పెట్టండి. ఎరుపు, పచ్చ ఎంత వెలిసిపోయాయో మీకే తెలుస్తుంది.

తర్వాత రెండు అలవాట్లు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లు, కంపెనీ యాప్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. లిథియం అయాన్ బ్యాటరీకి నిండు ఛార్జ్, వేడి రెండూ పడవు. ఇక పరుపు మీద పెట్టి సినిమా చూడటం మానేయండి. చాలా మోడల్స్‌లో గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు అడుగునే ఉంటాయి. గాలి ఆడకపోతే చిప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఒక అట్ట పుస్తకం కింద పెట్టినా చాలు.

చివరికి ఏది కొన్నాం?

తమ్ముడి స్క్రీన్‌షాట్ల దగ్గరికి వద్దాం. తక్కువ ధర మోడల్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్, ఒకే ర్యామ్ స్టిక్ ఉన్నాయి. ఎక్కువ ధర దాంట్లో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 8+8 ర్యామ్. బ్యాటరీ మాత్రం తక్కువ ధర మోడల్‌లోనే పెద్దది. వాడు ఉండేది హాస్టల్‌లో, మంచం పక్కనే ప్లగ్ పాయింట్ ఉంది. ర్యామ్ స్టిక్ రేపు కొనుక్కోవచ్చు, స్క్రీన్ మార్చడం అంత తేలిక కాదు. అందుకే నాలుగు వేలు ఎక్కువైనా రెండోదే తీసుకున్నాం. రోజూ బస్సులో, లైబ్రరీలో వాడే పనైతే నేనే మొదటిది తీసుకోమనేవాణ్ణి.

కాబట్టి "ఏది బెస్ట్?" అని అడిగే ముందు "నేను ఎక్కడ కూర్చుని, ఏం చేస్తాను?" అని మిమ్మల్ని మీరు అడగండి. దానికి జవాబు దొరికితే, స్పెక్ షీట్‌లో ఏ వరుస దగ్గర ఆగాలో మీకే తెలుస్తుంది.