బిడ్డకు బల్ల చేసిస్తున్నారా?

మంచం మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసే బిడ్డను చూసి, "దీనికో బల్ల ఉంటే ఎంత బాగుండు" అనుకోని తల్లిదండ్రులు ఉండరు. షాపుకెళ్తే రెడీమేడువి దొరుకుతాయి, ఆర్డరిస్తే ఇంటికే వస్తాయి. అయినా డాబా మీద రేకుల కిందో, కారు షెడ్డులో ఓ మూలనో రంపం, డ్రిల్లు సర్దుకుని తమ చేత్తో చేసివ్వాలనుకునే అమ్మానాన్నలు కొందరుంటారు. ఈ మాటలు వాళ్ల కోసం. మీరు చెక్క గురించి, మేకుల గురించి అడుగుతారు. అవీ చెబుతాను. కానీ అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. పుట్టినరోజు నాటికి గుట్టుగా తయారుచేసి, దుప్పటి తీసి చూపించాలని అనుకోకండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, తనతో కలిసి చేయండి. పని నెమ్మదిస్తుంది, చెక్క కొంత పాడవుతుంది. అయినా ఆ దారే మంచిది.

పని కొలతతో మొదలవుతుంది. బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. భుజాలు వదులుగా వదిలి, మోచేతులు మడిచి ఒంటికి దగ్గరగా పెట్టుకోమనండి. నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో బల్ల ఎత్తు అంతే, మహా అయితే ఒక అంగుళం ఎక్కువ. ఐరోపా దేశాల్లో బడి బల్లలకు ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం నాలుగడుగుల ఎత్తున్న పిల్లలకు బల్ల 59 సెంటీమీటర్లు, అంటే 23 అంగుళాల పైచిలుకు. ఐదడుగులున్న పిల్లలకు 64 నుంచి 71 సెంటీమీటర్ల మధ్య. మామూలుగా షాపుల్లో అమ్మే బల్ల 75 సెంటీమీటర్లుంటుంది, అది పెద్దవాళ్ల కొలత. రెండో తరగతి చదివే బిడ్డ దాని ముందు కూర్చుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, కాళ్లు గాలిలో వేలాడతాయి. కాసేపు భరించి, మంచమే నయమని మళ్లీ అక్కడికే పోతుంది. మనం బద్ధకమంటాం. దాని ఒళ్లు నొప్పి పెట్టిందని ఎవరూ అనుకోరు.

ఎదిగే బిడ్డ కదా, రెండేళ్లకే బల్ల పొట్టిదైపోతే? కాళ్లను జిగురుతో శాశ్వతంగా అతికించకుండా బోల్టులతో బిగించండి. పొడుగు పెరిగినప్పుడు కొత్త కాళ్లు చేసి మార్చుకోవచ్చు. అద్దె ఇళ్లు మారేవాళ్లకు ఇందులో ఇంకో సుఖముంది. బల్లను విప్పి మెట్ల మీదుగా సులువుగా దించుకోవచ్చు.

పైపలక నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే చాలు. పుస్తకం, నోట్సు, దీపం, ఒక మోచెయ్యి ఆనించుకునే చోటు, అన్నీ అందులో సరిపోతాయి. నమ్మకం కుదరకపోతే సుద్దముక్కతో నేల మీద ఆ కొలతకు గీయించండి. బిడ్డే గీయాలి. గీసిన గడిలో తన పుస్తకాలు పరుచుకుని చూసుకుంటుంది, "ఇక్కడ నా పెన్సిళ్లు" అంటుంది. బల్ల అక్కడినుంచే తనదవుతుంది. కుడిచేతి వాటమైతే వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, ఎడమచేతి వాటమైతే కుడివైపు నుంచి. అప్పుడు చేతి నీడ రాత మీద పడదు. కాబట్టి చెక్క కొనకముందే బల్ల ఏ కిటికీ దగ్గరుండాలో తేల్చుకోండి.

ఇక చెక్క. టేకుకు సాటి లేదు. సహజంగానే నూనె ఉన్న చెక్క, చెదలు త్వరగా పట్టవు, ఉలికి చక్కగా లొంగుతుంది. బాధ ఒక్కటే, ధర. నేను చెప్పిన కొలతకు ఒక అంగుళం మందం పలక, నాలుగు కాళ్లు, చుట్టూ పట్టీలు అన్నీ కలిపి తరుగుతో సహా సుమారు ఒకటిన్నర సీఎఫ్‌టీ (ఘనపు అడుగుల) కలప పడుతుంది. అడితిలో ఈ లెక్క ముందే చెబితే అక్కర్లేనిది కొనరు. వేపచెక్కకు పురుగు అంతగా పట్టదు కానీ సరిగా ఆరకపోతే వంకర తిరుగుతుంది. మామిడి చవక. మందు పెట్టకపోతే పుచ్చు పడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు రబ్బరుచెక్క ముక్కలు అతికించి చేసిన బోర్డు సులువు. తిన్నగా ఉంటుంది, కోయడం తేలిక. చెమ్మ తగిలే గోడకు మాత్రం ఆనించొద్దు. ప్లైవుడ్ అయితే 18 లేదా 19 మిల్లీమీటర్లది తీసుకుని, కింద చుట్టూ పట్టీ వేయండి. లేకపోతే నాలుగడుగుల పొడవున నడుమ కుంగుతుంది. చవక పార్టికల్ బోర్డు జోలికి వెళ్లకండి. స్క్రూ రెండోసారి తిప్పితే పట్టదు, జిగురులోని ఫార్మాల్డిహైడ్ వాసన కొత్తలో చాలాకాలం వదలదు. బిడ్డ ముక్కు రోజూ ఆ పలకకు జానెడు దూరంలో ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

కూలగొట్టిన పాత ఇళ్ల ద్వారబంధాలు, దూలాలు పాత కలప అడితుల్లో దొరుకుతాయి. ఏళ్ల తరబడి ఆరిన టేకు అంత తక్కువకు ఇంకెక్కడా రాదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. అయితే రెండు జాగ్రత్తలు. లోపల విరిగిన మేకులుంటాయి, రంపం పెట్టేముందు అయస్కాంతంతో ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతకండి. ఆ వెతుకులాట పిల్లలకు మహా ఇష్టం, వాళ్లకే వదిలేయండి. రెండోది పాత రంగు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం హద్దు అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు, దాని పొడి పిల్లల మెదడుకు చేటు. రంగు పూసిన పాత చెక్కను మిల్లులో నాలుగువైపులా కోయించి, శుభ్రమైన చెక్కగానే ఇంటికి తెచ్చుకోండి. బిడ్డతో ఆ రంగును గీకించొద్దు.

వానాకాలం రాగానే ఇంట్లో తలుపులు బిగుసుకుపోవడం మనందరికీ తెలిసిందే. బల్లకూ అదే జరుగుతుంది. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండల్లో మళ్లీ ముడుచుకుంటుంది. పొడవులో పెద్దగా మారదు. రెండడుగుల వెడల్పు పలక ఒక్క ఏడాదిలోనే మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూఇటూ కదలగలదు. అలాంటి పలకను కింది చట్రానికి జిగురు పూసి, మేకులు కొట్టి కదలకుండా కట్టేస్తే మధ్యలో నిలువునా పగులుతుంది. చట్రం పట్టీల్లో స్క్రూ రంధ్రాలను గుండ్రంగా కాకుండా కాస్త కోలగా, పలక కదిలే దిక్కుకు తొలచండి. స్క్రూ పట్టుకునే ఉంటుంది, పలక తనపాటికి తను కదులుతుంది. ఇది బిడ్డకు చెప్పి చూడండి. వర్షాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి తనే టేపు పట్టుకుని పలక వెడల్పు కొలిచి గోడ మీద రాసుకోమనండి. చెట్టు నుంచి విడిపోయిన చెక్క గాలిలోని తేమతో ఇంకా కదులుతోందన్న సంగతి అలా చేత్తో తెలుసుకున్న బిడ్డ మరిచిపోదు.

పనిలో బిడ్డ వాటా ఎంత? వయసును బట్టి. ఐదారేళ్ల పిల్లలు గరుకు కాగితం రుద్దగలరు. 80 నంబరుతో మొదలుపెట్టి 120, ఆ తర్వాత 220. ప్రతిసారీ అరచేయి రాసి నునుపు చూడమనండి. చెక్కలో గీతలు ఎటు నడిచాయో అటే రుద్దాలని ఒకసారి చూపిస్తే చాలు. ఎనిమిది తొమ్మిదేళ్లకు సుత్తి, స్క్రూడ్రైవరు పట్టుకోగలరు. పన్నెండేళ్లు దాటితే, చెక్కను శికంజాతో బిగించి ఇచ్చి, మీరు పక్కనే నిలబడి చేతి రంపం పట్టించవచ్చు. గిర్రున తిరిగే మిషన్లు మాత్రం వద్దు, అవి మీ చేతిలోనే ఉండాలి. రాళ్లు కోసే చిన్న కట్టర్‌కు చెక్క బ్లేడు తగిలించి వాడటం మన దగ్గర చాలాచోట్ల చూస్తుంటాం. బిడ్డ ఆ చుట్టుపక్కల ఉండగా దాన్ని ముట్టుకోకండి. అసలు వాడకపోతే మరీ మంచిది. పొడవాటి కోతలన్నీ మిల్లులోనే కోయించుకు రండి. మిషను దగ్గర చున్నీ, వదులు చేతుల చొక్కా, గాజులు, విరబోసిన జుట్టు ఉండకూడదు. కాళ్లకు హవాయి చెప్పులు చాలవు, బూట్లు కావాలి. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు మీకూ బిడ్డకూ ఇద్దరికీ. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. పొట్టును చీపురుతో రేపకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి పనికి చాలా ఇళ్లలో కొడుకును పిలుస్తారు, పని అయ్యాక పొట్టు ఎత్తడానికి కూతురిని పిలుస్తారు. దయచేసి అలా చేయకండి. బల్ల తమ్ముడిదైనా సుత్తి అక్క చేతికీ ఇవ్వండి. పొట్టు ఇద్దరూ ఎత్తాలి. అమ్మకు రంపం పట్టాలని ఉంటే నాన్న చెక్క పట్టుకోవాలి.

బిడ్డ కొట్టిన మేకు వంగుతుంది. రుద్దిన చోట గుంట పడుతుంది. రాత్రి తను నిద్రపోయాక మీరు వెళ్లి గుట్టుగా సరిచేయాలనిపిస్తుంది, ఆగండి. పొద్దున్న తను చూడగానే కనిపెడుతుంది. తన పని పనికిరాలేదని అర్థం చేసుకుంటుంది, మీతో మాత్రం చెప్పదు. బల్ల గట్టిదనానికి సంబంధం లేని వంకరలన్నీ అలాగే ఉండనివ్వండి. కాలు కదులుతోంది, అతుకు వదులైంది అంటే మాత్రం వదిలేయకూడదు. తన కళ్లముందే విప్పి, ఎందుకు వదులైందో ఇద్దరూ చూసి, మళ్లీ కలిసి బిగించండి. వీలైతే ఒక భాగం పూర్తిగా తనకే అప్పగించండి. పెన్సిళ్లు పెట్టుకునే చిన్న అరో, కాళ్ల మధ్య సంచీ తగిలించే కొయ్యో. దాని ఆకారం తనే నిర్ణయించాలి, మీకు నచ్చకపోయినా సరే.

చేతిపనికి చదువులో చోటుండాలన్నది కొత్త ఆలోచన కాదు. ఫిన్లాండ్ తన బడుల్లో 1866లోనే దానికి చోటిచ్చింది. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధా సదస్సులో నయీ తాలీమ్‌ను ముందుకు తెచ్చి, చేతివృత్తి చుట్టూ చదువు సాగాలన్నారు. ఆ తరహా బడులు మనకు పెద్దగా నిలవలేదు. ఇవాళ ఎన్నో బడుల్లో చేతిపనికి మిగిలింది వారానికో పీరియడు, అదీ పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారి ఖాతాలోకి పోతుంది. ఆ లోటును కొంతైనా ఇల్లే పూడ్చాలి.

మీకు రాని పని ఎదురైతే మీ వీధిలో వడ్రంగి మేస్త్రీ ఉంటారు, ఆయన్ని పిలవండి. ఒక పూట కూలి ఇచ్చి, చిత్రిక పట్టడం, గాడి తొలచడం మీకూ బిడ్డకూ నేర్పమని అడగండి. ఆ పూట మేస్త్రీ గారు గురువు, మీరిద్దరూ శిష్యులు. అమ్మానాన్న ఇంకొకరి దగ్గర చేతులు కట్టుకుని నేర్చుకోవడం బిడ్డ చూడాలి. పలక మూలల దగ్గర ఒక నాణెం పెట్టి గీసి గుండ్రంగా తీసేయమని ఆయనే ముందు చెబుతారు. పిల్లలున్న ఇంట్లో బల్ల మూల కంటికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైన సలహా బల్ల పూర్తయ్యాక మొదలవుతుంది. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గుతాయి. "ఇంత కష్టపడి బల్ల చేసిచ్చాం, ఇంకా చదవడానికేం?" అన్న మాట నోటి చివరి దాకా వస్తుంది. ఆ మాట అనకండి. ఒక్కసారి అన్నా ఆ బల్ల బిడ్డకు తీర్చాల్సిన అప్పుగా మారుతుంది, ఆ తర్వాత ప్రేమతో దాని ముందు కూర్చోదు. బల్ల మీద బొమ్మలు గీస్తుంది, స్టిక్కర్లు అతికిస్తుంది, కంపాస్ ముల్లుతో పేరు చెక్కుతుంది. చెక్కనివ్వండి. స్నేహితురాలితో కూర్చుని కబుర్లు చెప్పుకున్నా, ఏమీ చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా అది ఆ బల్లకు తగిన వాడకమే. బిడ్డకు ఇంట్లో తనదంటూ ఒక చోటు ఇచ్చాక, అక్కడ ఏం చేస్తోందని నిమిష నిమిషానికీ తొంగి చూడకూడదు.

చివరిగా పాలిష్ గురించి. లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసే ఫ్రెంచ్ పాలిష్ ఆరాక పిల్లలకు హాని చేయదు, గీత పడినా మళ్లీ పూసుకోవచ్చు. పూసేటప్పుడు మాత్రం స్పిరిట్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకోండి. అవిసెనూనె రాసేవాళ్లు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, నీళ్లలో తడిపి బయట పరిచి ఆరబెట్టండి. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉంటే లక్క తెల్లగా పొరకడుతుంది. అందుకే వేసవి సెలవులు మొదలైన వారంలోనే కొలత తీయండి, మే నెల దాటకముందే పాలిష్ ముగించండి. బడి తెరిచేనాటికి బల్ల సిద్ధంగా ఉంటుంది.