మీసాల చేపలు – వాని వన్నెలు

మా తరగతి గదిలో కిటికీ ప్రక్క నొక గాజుతొట్టి కలదు. క్రిందటి యేడు వానకాలమున బూదికోట చెంతనున్న చెరువునుండి పిల్లలు తెచ్చిన రెండు జెల్లలను దానిలో పెంచితిమి. ఒకనాటి సాయంకాలము తొట్టి కడుగుటకై వానిని తెల్లని పింగాణీ పళ్లెములో నుంచి యిండ్లకు బోయితిమి. తెల్లవారి వచ్చి చూడగా మేని చారలు వెలసి, రెండును పాలిపోయి యుండినవి. జబ్బు చేసినదని తలచి, ఉప్పును, నీలిరంగు మందును నీళ్లలో కలిపితిమి. మధ్యాహ్నమునకు రెండును చచ్చినవి. వానికి జబ్బే లేదు. మా తొందరయే వానిని చంపినది. మీసాల చేపలకు పొలుసులు లేవు. అందుచేత ఇతర చేపలు ఓర్చుకొను మందులు కూడ వాని చర్మమునకు హాని చేయగలవు.

మొదట ఏ చేపయో గుర్తింపవలెను. రంగును నమ్మరాదు. మీసములను, వాజములను, అనగా ఈతరెక్కలను, చూడవలెను. మీసములు రెండు జతలే యుండి, నోరు కంటిని దాటి చీలియున్నచో అది వాలుగ. అది తొట్టిలో తోడి చేపలను మ్రింగివేయును. తక్కిన మూడింటికి నాలుగేసి జతలు. వీపు వాజమునకు వెనుక, తోకకు ముందు, ముల్లులేని మెత్తని కొవ్వు వాజ మున్నచో జెల్ల. వీపు పొడవునను ఒకే వాజము సాగియున్నచో మార్పు. (రంగు మార్పులను గూర్చిన పాఠములో ఈ పేరు కొంత తికమక పెట్టును; చేప పేరే యది.) వీపు వాజము మిక్కిలి చిన్నదై, కడుపు క్రింది వాజము తోకదాక సాగియున్నచో ఇంగిలాయి.

ఇంగిలాయిని చేతితో పట్టరాదు. దాని రొమ్ము వాజముల ముండ్లలో విషము కలదు. కన్నడమున దానిని చేళుమీను అందురు, తమిళమున తేళి. రెండు పేర్లలోను తేలు దాగియున్నది. ముల్లు గ్రుచ్చుకొన్నచో గాయమును ఓర్వగలిగినంత వేడినీటిలో నుంచి, పెద్దలకు చెప్పి, వైద్యునికడకు పోవలెను. ఇంగిలాయియు మార్పును నీటిపైకి వచ్చి గాలి పీల్చుట వాని సహజగుణము. ఎండకాలమున చెరువు ఇంకినపుడు బురదలో బ్రదుకుట కీ గుణమే వానికి తోడ్పడును.

ఇక రంగు. చేప చర్మములో నల్లని రేణువులు గల కణములున్నవి. రేణువులు కణమంతట వ్యాపించినచో చేప నల్లబడును. నడుమకు ముడుచుకొన్నచో పాలిపోవును. కన్ను చూచిన అడుగునేల రంగునుబట్టి నరములును, మెదడు క్రింది పీయూష గ్రంథి స్రవించు ద్రవమును ఈ రేణువులను నడపును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన జి. హెచ్. పార్కరు 1930వ దశకమున అమీయూరస్ అను మీసాల చేపపై దీనిని పరీక్షించెను. పాలిపోయిన చేప తోకలో సన్నని నరమును కోయగా, అంతమేరకు నల్లని పట్టీ యేర్పడెను. మా పింగాణీ పళ్లెము చేసినదియు ఇట్టి పనియే: తెల్లని నేలపై చేప తెల్లబారినది.

కావున మేనంతయు ఒకే తీరున పాలిపోయి, చేప చురుకుగా తిరుగుచున్నచో, నల్లని గులకరాళ్లు పరచి ఒకటి రెండు దినములు వేచి చూడవలెను. ఉప్పురవ్వలవంటి తెల్లని చుక్కలు కనబడినను, చేప మేనును రాళ్లకు రాచుకొనినను అది రోగము. వయస్సు వలన కూడ రంగు మారును: ఇంగిలాయి పిల్లలు ఎఱ్ఱగా నుండును. అంగళ్లలో అమ్ము గాజుచేప బ్రదికియున్నపుడు పారదర్శకము. చచ్చినంతనే పాలవలె తెల్లబడును.

పుట్టుకతోనే రంగులేనివియు కలవు. మార్పునకు దగ్గరి చుట్టమైన చేపను 1960వ దశకమున థాయిలాండునుండి అమెరికాలోని ఫ్లోరిడాకు తొట్టిచేపగా తెచ్చిరి. వానిలో తెల్లనివి పెక్కు. అవి తప్పించుకొని కాలువలలో పడినవి. తెల్లనివి శత్రువుల కంటికి సులువుగా చిక్కగా, ముదురు రంగువి మిగిలి వ్యాపించినవి. నేడక్కడ తెల్లనివి అరుదు. చేప మాత్రము పోలేదు. అంగడిలో కొన్న చేపలను మన మార్కండేయ జలాశయములో విడువవలదని పిల్లలకు చెప్పుట ఇందుకే.

మే మిచట వాడిన పేర్లు కృష్ణా గోదావరి తీరములవి. తరగతి గోడపై తెలుగు, కన్నడ, తమిళ నామములకు మూడు గడులు గీచితిమి. మన వైపు తెలుగు పేర్లకు ఉంచిన చోట్లు ఇంకను ఖాళీగా నున్నవి. మీ యింటి అవ్వ తాతలు ఈ చేపలను ఏమని పిలుతురో అడిగి, వ్రాసి పంపుడు.