శుద్ధరాత్రి పాటకు గిటారు – ఆరు లెక్కల పాఠము

పాఠము ఉద్దేశము: గిటారు మీద జి, సి, డి సెవెన్ అను మూడు కార్డులు పట్టడం వచ్చినవారు, ఒక పాటను మొదటినుండి చివరివరకు లెక్క తప్పకుండ వాయించగలుగుట.

కావలసినవి: శ్రుతి చేసిన గిటారు, సెకన్ల ముల్లు ఉన్న గడియారము, పాటల పుస్తకము, పక్కన కూర్చుండి పాడుటకు ఇంటిలోని పెద్దవారు ఒకరు.



మన సంఘములు అనేకము చిన్నవి. హార్మోనియం వాయించే పెద్దలు లేనిచోట గిటారు పట్టిన పిల్లవాడే, పిల్లయే ఆదివారము పాటకు ఆధారము. ఆ చేయి తొందరపడితే ముందు వరుసలోని వృద్ధులు రెండవ చరణము చేరేసరికి ఊపిరి అందక ఊరకుంటారు. పాటలన్నీ కంఠతా వచ్చినవారు వారే. వారు ఊరకుంటే పిల్లలకు మాటలు అందించేవారుండరు. కనుక ఈ పాఠములో ఒక్క సంగతి గట్టిగా పట్టుకొనండి: కార్డు తప్పితే ఒక్క క్షణము వినసొంపు చెడుతుంది, లెక్క తప్పితే పాటే చెడుతుంది.

ఈ పాటనే ఎందుకు తీసుకొన్నాము?

క్రిస్మసుకు మనము పాడుకొనే శుద్ధరాత్రి పాట మొదటినుండి గిటారుతో పుట్టినదే. ఆస్ట్రియా దేశములో సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబెర్న్‌డార్ఫ్ అను ఊరిలో 1818 డిసెంబరు 24న దీనిని మొదటిసారి పాడారు. మాటలు 1816లో జోసెఫ్ మోర్ అను గురువు వ్రాసినవి. రాగము కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబర్, పక్క ఊరిలో బడిపంతులు. ఆ రాత్రి మోర్ గిటారు వాయిస్తూ పాడగా గ్రూబర్ క్రింది స్వరములో కలిసి పాడాడు. మోర్ స్వహస్తముతో వ్రాసిన ప్రతి ఒకటి 1995లో బయటపడింది. అందులో పాటతోపాటు గిటారుకు వ్రాసిన స్వరములు కూడ ఉన్నవి. ఎలుకలు ఆర్గన్‌ను కొరికినందున గిటారు పట్టవలసి వచ్చెనని చెప్పుకొనే కథ మాత్రము 1854లో గ్రూబర్ తానే వ్రాసిన వివరణలో లేదు.

తాళము

ఈ పాట నడక ఆరు లెక్కలది. నోటితో "తకిట తకిట" అనండి. మొదటి "త" ఒకటవ లెక్క, రెండవ "త" నాలుగవ లెక్క. ఈ రెంటి మీదనే బరువు, తక్కినవి తేలిక. పాదము కూడ ఒకటికి, నాలుగుకు మాత్రమే నేలకు తగలవలెను. సినిమా పాటలకు నేర్చుకొన్న నాలుగు లెక్కల వాయింపు దీనికి పనికిరాదు. దానిని ఇక్కడ వేస్తే పాట నడవదు, కుంటుతుంది.

ఆరు లెక్కలు కలిపితే ఒక బార్. ఒక చరణములో 12 బార్లు, అనగా 72 లెక్కలు. కార్డులు ఇట్లు వచ్చును:

1, 2 బార్లు – జి
3 – డి సెవెన్
4 – జి
5 – సి
6 – జి
7 – సి
8 – జి
9 – డి సెవెన్
10 – జి
11 – మొదటి మూడు లెక్కలు జి, తరువాతి మూడు డి సెవెన్
12 – జి

బార్ మధ్యలో కార్డు మారేది 11వ బార్‌లో ఒక్కచోటే. దానిని విడిగా పది పర్యాయములు సాధన చేయండి. ఈ శ్రుతి సంఘము గొంతుకు తక్కువైతే కేపోను రెండవ మెట్టు మీద బిగించి, అవే కార్డులు పట్టవచ్చును.

మొదటి మెట్టు: ఎడమచేతికి సెలవు

ఎడమ అరచేతిని తీగలమీద మెత్తగా ఆనించండి. స్వరము రాదు, టక్కుమను శబ్దమే వచ్చును. కుడిచేతితో ఒకటికి, నాలుగుకు మాత్రము క్రిందికి ఒక్కొక్క దెబ్బ వేయండి. తక్కిన లెక్కలకు నోరు "కిట" అంటూనే ఉండవలెను. ఇట్లు 12 బార్లు నడిపించండి. మొదటి దినము ఇంతే చాలును.

రెండవ మెట్టు: ఆరు దెబ్బలు

ఇప్పుడు కార్డు పట్టండి. ఒకటవ లెక్కకు బొటనవ్రేలితో లావు తీగ ఒక్కటే మీటండి. జి కార్డుకు ఆరవ తీగ, సి కార్డుకు ఐదవది, డి సెవెన్‌కు నాలుగవది. రెండు, మూడు లెక్కలకు సన్నని తీగలమీద తేలికగా క్రిందికి రాయండి. నాలుగు, ఐదు, ఆరు లెక్కలకు మరల అదే వరుస. ముంజేయి బిగియకూడదు, కదలిక మణికట్టులో ఉండవలెను.

మూడవ మెట్టు: కార్డు మార్పు

కార్డు మార్చేటప్పుడు కుడిచేయి ఆగి ఎడమచేతికోసం కాచుకొనుట నేర్చుకొనేవారి సామాన్యమైన అలవాటు. అక్కడే లెక్క తప్పుతుంది. ఆరవ లెక్కలో ఎడమచేతి వ్రేళ్లు ఎత్తండి; కుడిచేయి ఖాళీ తీగలమీదనైనా తేలికగా వేయనివ్వండి. ఒకటవ లెక్కకు క్రొత్త కార్డు దిగవలెను. వ్రేళ్లన్నీ అందకపోయినా అందినవాటితోనే ముందుకు సాగండి. ఆగి సరిదిద్దుకొనుట ఇంటిలో తగును, ఆరాధనలో తగదు.

నాలుగవ మెట్టు: మాటతో కలుపుట

తెలుగు మాటలోనే తాళమున్నది. "శుద్ధ" అను మాటలో శు గురువు, ద్ధ లఘువు. "రాత్రి" అను మాటలో రా గురువు, త్రి లఘువు. శు ఒకటవ లెక్కమీద, రా నాలుగవ లెక్కమీద పడవలెను. బొటనవ్రేలు మీటే చోటనే గురువు నిలిచిందా లేదా చూచుకొనండి. పొరుగు భాషల బడులలో చదివే మన పిల్లలు కొందరు పాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొంటారు. అందులో దీర్ఘములు సాధారణముగా కనబడవు. రా, ర రెండూ ఒకటే. కనుక గిటారు నేర్చుకొనేవారు పాటను తెలుగు లిపిలో తమ చేతితో ఒకసారి వ్రాసుకొని, గురువుల క్రింద గీత గీయుట మంచిది. లిపి రానివారికి ఇంటిలోని పెద్దలు దగ్గరుండి వ్రాయించగలరు. తాళముతోపాటు అక్షరములును వచ్చును.

గడియారముతో పరీక్ష

సెకనుకు రెండు లెక్కల చొప్పున నడిపితే ఒక బార్‌కు 3 సెకన్లు, ఒక చరణానికి 36 సెకన్లు పట్టును. పెద్దలు ఊపిరి తీసుకొని పాడుటకు ఈ నడక అనుకూలము. మొదటి చరణము 36 సెకన్లలో ముగిసి, మూడవది 31 సెకన్లలో ముగిసినదంటే మీరు పరుగెత్తినారని అర్థము. చెవి మోసపోవచ్చును గాని సెకన్ల ముల్లు మోసపోదు.

12వ బార్‌లో చివరి స్వరము ఆరు లెక్కలూ నిలుచును. పాట అయిపోయినదని అక్కడ చేయి ఆపకండి. ఆరు పూర్తిచేసిన తరువాతనే తరువాతి చరణము ఎత్తుకొనండి. ఇక్కడ రెండు లెక్కలు మింగితే సగముమంది ముందు, సగముమంది వెనుక మొదలుపెడతారు.

పునశ్చరణ ప్రశ్నలు

1. ఒక చరణములో బార్లు ఎన్ని? లెక్కలు ఎన్ని?
2. పాదము ఏయే లెక్కలకు నేలకు తగలవలెను?
3. బార్ మధ్యలో కార్డు మారేది ఎక్కడ?
4. కార్డు అందనప్పుడు కుడిచేయి ఏమి చేయవలెను?

ఇంటి పని: దినమునకు 15 నిమిషములు చొప్పున రెండు వారములు సాధన చేయండి. రెండవ వారములో పెద్దవారిని పక్కన కూర్చుండబెట్టి వారిచేత పాడించండి. వారు మీకోసము ఆగవలసి వచ్చినా, మీ వెంట పరుగెత్తవలసి వచ్చినా మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి. చివరి చరణమువరకు వారు సుఖముగా పాడగలిగితే మీకు పాఠము వచ్చినట్టే.