దూరవైద్యము – మన ప్రాంతపు పల్లెలు

రోగి యొకచోట, వైద్యుడు వేరొకచోట ఉండగా జరుగు చికిత్సకు దూరవైద్యమని పేరు. ఇది కరోనాతో పుట్టినది కాదు. 2000 మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండలో, ఉపగ్రహ సంబంధముతో నడచు గ్రామీణ దూరవైద్య కేంద్రమును నాటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించినారు. మన రాయలసీమ పల్లెకు ఆ గౌరవము దక్కినది. అయినను ఇరువది ఏండ్ల వరకు అది సామాన్యుని గడప తొక్కలేదనియే చెప్పవలెను.

దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చిన 2020 మార్చి 25వ తేదీననే కేంద్రము దూరవైద్య మార్గదర్శకములను వెలువరించినది. అంతకు పూర్వము ఫోనులో మందు వ్రాయవచ్చునా, కూడదా యను ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేదు. ఏప్రిల్ 13న రాష్ట్ర ప్రభుత్వము 14410 నంబరును ప్రారంభించినది. రోగి మిస్డ్‌కాల్ ఇచ్చిన, సిబ్బంది తిరిగి ఫోను చేసి వివరములు వ్రాసికొనెడివారు. పిమ్మట వైద్యుడు మాటలాడి మందులు సూచించెడివాడు. వాటిని ఇంటికి చేర్చు ఏర్పాటు ఉండెను. అదే దినమున కేంద్రము వారి ఈ-సంజీవని సైతము గృహములకు అందుబాటులోనికి వచ్చినది.

హిందూపురము వారికి పెద్దవైద్యమనగా బెంగళూరే. రాష్ట్రపు సరిహద్దు మూతపడగనే ఆ త్రోవ పోయినది. పెనుకొండ చుట్టుప్రక్కల పల్లెలకు నాడు బస్సు లేకపోయెను. ధర్మవరములో పట్టుచీరల వ్యాపారము నిలిచి, మగ్గములు ఆగి, నేతగానికి కూలియే లేకపోయెను. ఇట్టి వేళ మధుమేహమునకు, రక్తపుపోటునకు నెలనెలా మందు వాడు వృద్ధులకు ఫోను వైద్యము నిజముగా ఉపకరించునది.

అయితే కరోనా రోగి సంగతి వేరు. కొందరిలో ప్రాణవాయువు తగ్గుచున్నను మాట తడబడదు, ఆయాసము కనబడదు. ఫోనులో వినుచున్న వైద్యునకు ఆ ప్రమాదము తెలియదు. ఆక్సిమీటరు 94కు తక్కువ చూపిన ఆసుపత్రికి పంపవలెనని నాడు నియమముండెను. వ్రేలు చల్లబడినను, గోటికి రంగు ఉన్నను ఆ అంకె తప్పవచ్చును. కనుక పల్లెలో ఆ చిన్న యంత్రమును సరిగా పట్టి చదువగల ఆశా కార్యకర్త లేనిదే దూరవైద్యము సగము వైద్యమే. ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రి వంటివి కోవిడ్ చికిత్స భారము మోసినందుననే ఫోను మాటకు విలువ కలిగినది.

మరియొక చిక్కు భాషది. మన ఇండ్లలోని తల్లులు తమ బాధను ఉర్దూలోనే చెప్పుకొందురు. ‘ఘబ్రాహట్’ అన్నది భయమా, గుండెదడయా? ‘దమ్ ఫూల్నా’ యనగా ఆయాసమని తెలియని వైద్యుడు దానిని విడిచిపెట్టవచ్చును. ఎదుట నున్న రోగి ఎదపై చేయి వేసి చూపును. ఫోనులో ఆ చేయి కనబడదు. కుమారుడు దుబాసీ యైనచో తల్లి కొన్ని రోగములను నోట పలుకనే పలుకదు. వైద్యవిధానమును గూర్చిన చర్చలలో ఈ విషయము అరుదుగా వినబడుట మాకు వింతగా తోచును.

ఉభయ భాషలు నేర్చుచున్న మన విద్యార్థినులు ఇందులకు తగినవారు. రోగలక్షణముల పేర్లను ఉర్దూ, తెలుగులలో ప్రక్కప్రక్కన వ్రాసి, వైద్యుల చేత సరిచూపించి, ఆరోగ్య కేంద్రములకు ఒక పట్టికగా ఇచ్చుటకు కళాశాల కమిటీవారు అనుమతింపవలెనని కోరుచున్నాము. ఇరువది, ముప్పది మాటలు చాలును. అందు ఆయాసమును మొదట చేర్చవలెను.