వెనక చక్రం చూసి కొనుక్కో

చిరంజీవి చిన్నాకి,


విశాఖ నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ దాకా సైకిలు మీద వెళ్తానన్నావు. బాగుంది, వెళ్ళు. నువ్వు పంపిన సైకిళ్ళ ఫొటోలన్నీ చూశాను. రంగులు తెలిశాయి గానీ ఒక్కదాంట్లోనూ వెనక చక్రం సరిగ్గా కనబడలేదు. నాకు కావలసింది అదే.

బట్టలు, గుడారం, నీళ్ళు, రెంచీలు కలిపితే పదిహేను కిలోలు ఇట్టే అవుతాయి. ఆ సామానూ నువ్వూ కలిసి ఎక్కువ భారం వేసేది వెనక చక్రం మీదే. పైగా గేర్ల పళ్ళకి చోటివ్వాలని కుడివైపు చువ్వల్ని నిటారుగా, బాగా బిగించి కడతారు. పాలవాళ్ళ నల్ల సైకిలుకి ముందు 32, వెనక 40 చువ్వలు ఊరికే పెట్టలేదు. నీకు వెనక 36 ఉండాలి. 24 చువ్వల సోకు చక్రాలు పందేలవాళ్ళకి వదిలెయ్యి. షాపులో చక్రం గాల్లోకి లేపి తిప్పు. పక్కనున్న ఫ్రేము కడ్డీ దగ్గర కన్నుపెట్టి చూస్తే రిమ్ము అటూ ఇటూ ఊగకూడదు. తర్వాత చువ్వల్ని జతలు జతలుగా వేళ్ళతో నొక్కి చూడు. ఒకవైపువన్నీ ఒకే బిగువులో తగలాలి. ఒక్కటి వదులుగా ఉన్నా, కొత్త సైకిలే కదా అని మొహమాటపడకుండా బెండు తీయించాకే డబ్బులివ్వు.

వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా అని కూడా అడుగు. ఏడెనిమిది గేర్ల ఫ్రీవీలైతే కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బయట మిగిలిన ఇరుసు బరువుకి వంగిపోతుంది. క్యాసెట్టు హబ్బులో బేరింగు చివరిదాకా వస్తుంది. రెండూ ఒకటేనని షాపువాడంటే నమ్మకు.

అరకు దారిలో ఎస్.కోట దాటాక ఘాట్ ఎక్కాలి కదా. ముందు 26 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే పెడలు ఒక చుట్టుకి సైకిలు దాదాపు మీటరూ ముప్పావు కదులుతుంది. చాలా రేసు సైకిళ్ళకి అడుగు గేరులో కూడా రెండున్నర మీటర్ల దాకా లాగాలి. సామానుతో ఆ తేడా మోకాళ్ళకి తెలుస్తుంది. 1963లో ఐర్లండ్ నుంచి ఢిల్లీ దాకా తొక్కుకొచ్చిన డెర్వ్లా మర్ఫీ, ఆసియా రోడ్లకి తట్టుకోదని బయల్దేరకముందే మూడు గేర్ల సామానంతా తీయించేసింది. ఆవిడ కాళ్ళు వేరు, నువ్వు మాత్రం గేర్లు ఉంచుకో.

టైరు 700సి తీసుకో, వెడల్పు 40 మిల్లీమీటర్లు. నల్ల సైకిలు టైరునీ దీన్నీ 28 అంగుళాలనే అంటారు గానీ ఒకదాని రిమ్ముకి ఇంకోటి ఎక్కదు. 29 అంగుళాల ఎంటీబీ టైరు మాత్రం ఎక్కుతుంది, ఫ్రేములో చోటుంటే. అందుకే ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు చూసుకో. వాల్వు మోటారుసైకిలుది లాంటిదే ఉండాలి, హైవే మీద లారీల పంక్చరు షాపులో కూడా గాలి కొట్టించుకోవచ్చు.

షాక్ ఉన్న ఫోర్కు వద్దు. బరువు దండగ, ఎక్కేటప్పుడు నీ బలంలో కొంత అదే మింగేస్తుంది. జగదల్‌పూర్ దాటాక వచ్చే కేశ్‌కాల్ ఘాట్ నువ్వు దిగేదే కాబట్టి డిస్క్ బ్రేకులు మంచివే, కానీ తీగతో లాగేవే కొను. ఆయిల్‌వి చెడితే ఆ దారిలో బాగుచేసేవాడు దొరకడం కష్టం. ఫ్రేము స్టీలుదైతే మేలు, క్యారేజీ బిగించడానికి బోల్టు కన్నాలు ఉండి తీరాలి. సీటు మెత్తగా ఉందని మురిసిపోకు. ఇరవై కిలోమీటర్లు తొక్కాక గానీ దాని సంగతి తెలీదు.

కొనేముందు ఒక పూట అడిగి తీసుకో. వెనక రెండువైపులా చెరో ఆరేడు కిలోల బియ్యం కట్టి, కైలాసగిరి ఎక్కి దిగు. మడమ సంచులకి తగిలితే ఆ ఫ్రేము నీకు పొట్టి. దిగాక మళ్ళీ చువ్వలు నొక్కి చూసి, నాకు ఫోన్ చెయ్యి. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ మావయ్య