వేపాకు పొగతో మలేరియా ఆగుతుందా?

ప్రశ్న: బస్తర్‌లోని కోంటా, భోపాలపట్నం వైపు పల్లెల్లో సాయంత్రం వేపాకు పొగ వేస్తారు. మలేరియా రాకుండా అది సరిపోతుందా?

జవాబు: మలేరియాను మోసే ఆడ అనాఫిలిస్ దోమ ప్రధానంగా పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. పొగ ఉన్నంతసేపు దోమలు కొంత తగ్గినా, ఆరగానే తిరిగి చేరతాయి. మూసిన గదిలో ఆ పొగ పసిపిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి హాని చేస్తుంది. రాత్రంతా కాపాడేది మందు పట్టించిన దోమతెర. దాని అంచులను పరుపు కిందికి దోపాలి. ఉతికాక నీడన ఆరబెట్టాలి. పొలం కాపలాకు, ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లి బయట పడుకునే రాత్రుల్లోనూ కట్టుకోవాలి. ఇంటి చుట్టూ నీరు నిలవనివ్వకూడదు.

బస్తర్‌లో ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకం మలేరియా పరాన్నజీవి ఎక్కువ. జ్వరం లేనివారి రక్తంలోనూ ఈ పరాన్నజీవి ఉండి, దోమల ద్వారా ఇతరులకు చేరుతుంది. అందుకే 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి, ఆరోగ్యంగా కనిపించేవారికీ రక్తపరీక్ష చేశారు.

జ్వరంలో తాగే రాగి అంబలి నీరసాన్ని తగ్గిస్తుంది కానీ మలేరియాను నయం చేయదు. జ్వరం వస్తే 24 గంటల్లోపు మితానిన్ (ఊరి ఆరోగ్య కార్యకర్త) వద్దగానీ ఆరోగ్య కేంద్రంలోగానీ పరీక్ష చేయించాలి. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గినా మాత్రలు పూర్తిగా వాడాలి.